పెద్ద గాయం తర్వాత మళ్లీ ఫిల్మ్ కెమెరా పట్టుకోవాలంటే

చెయ్యి పోయినా, వెన్నెముక దెబ్బతిని కాళ్లు కదలకపోయినా, ఒక కంటి చూపు పోయినా, తలకు తగిలిన దెబ్బతో ఏదీ సరిగా గుర్తుండకపోయినా ఫిల్మ్ ఫొటోగ్రఫీలోకి తిరిగి రావచ్చు. కుడిచేతి వేళ్లలో పట్టు పోయాక మళ్లీ రీళ్లు తీయడం మొదలుపెట్టినవాడిని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. కాకపోతే పాత కెమెరాను పాత పద్ధతిలోనే పట్టుకుని తీరాలని పంతం పడితే మొదటి రీలుకే మనసు విరిగిపోతుంది.

ఫొటో తీయడంలో పది పన్నెండు చిన్న పనులుంటాయి. వాటిలో మీ శరీరం చేయగలిగేవి ఏవి, పరికరానికి వదిలేయాల్సినవి ఏవి, పక్కన ఉన్న మనిషికి అప్పజెప్పాల్సినవి ఏవి అన్నది విడివిడిగా తేల్చుకోవాలి. ఏది చూడాలి, ఎక్కడినుంచి చూడాలి, ఎప్పుడు నొక్కాలి అన్నవి మీ నిర్ణయాలుగా ఉంటే ఆ ఫొటో మీదే. రీలు ఎవరు ఎక్కించారు, ట్రైపాడ్ ఎవరు మోశారు అన్నది లెక్కలోకి రాదు. పైగా ఫిల్మ్‌లో తీయడం, కడగడం, ప్రింట్ వేయడం వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల జరిగే పనులు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చేసుకోవచ్చు. నెల రోజులు పక్కన పెట్టినా కొంపేమీ మునగదు.

ముందు ఖాళీ కెమెరాతో కూర్చోండి

రీలు జోలికి ఇప్పుడే వెళ్లకండి. చేతి మీద ఎంత బరువు వేయొచ్చో, మెడకు బెల్టు తగిలించుకోవచ్చో లేదో డాక్టరునో ఫిజియోనో అడిగి తెలుసుకోండి. తర్వాత ఖాళీ కెమెరాను బల్ల మీద, మడతపెట్టిన తువ్వాలు పైన పెట్టుకుని ఒక్కో పనీ చేసి చూడండి. లెన్స్ మూత తీయడం, కెమెరా కంటిదాకా ఎత్తడం, అక్కడ ఐదు సెకన్లు నిలపడం, ఫోకస్ రింగు తిప్పడం, ఎక్స్‌పోజర్ మార్చడం, షట్టర్ నొక్కడం, ఫిల్మ్ జరిపే లివర్ లాగడం, వెనక తలుపు తెరవడం, రీవైండ్ చేయడం అంటే ఫిల్మ్‌ను తిరిగి దాని డబ్బాలోకి చుట్టడం. ఒక కాగితం మీద ప్రతి పనికీ ఎదురుగా ‘వచ్చు’, ‘కష్టం’, ‘రాదు’ అని రాసుకోండి.

ఆ కాగితాన్ని మీ ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించండి. ‘నేను మళ్లీ ఫొటోలు తీయాలి’ అంటే వాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘రెండు వేళ్లతో చిన్న క్రాంక్ పట్టుకుని తిప్పలేకపోతున్నాను’ అంటే వెంటనే ఏదో ఒక మార్గం ఆలోచిస్తారు. కృత్రిమ చేయి వాడుతున్నవాళ్లు కెమెరాను వెంట తీసుకెళ్లి, అక్కడే పట్టుకుని చూపించడం మంచిది.

నొప్పి మొదలవ్వకముందే ఆపేయండి. మొదలయ్యాక ఆపితే ఆ నొప్పి మర్నాడు కూడా వెంట వస్తుంది.

పాత కెమెరాలో సగం తీసిన రీలు ఉందేమో

దీన్ని చాలామంది మరిచిపోతారు. దెబ్బ తగలకముందు చివరిసారి వాడిన కెమెరాలో రీలు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. అందుకే వెనక తలుపు తెరవడానికి ముందు రీవైండ్ క్రాంక్‌ను బాణం గుర్తు వైపు చాలా మెల్లగా తిప్పండి. బిగుసుకుంటే లోపల ఫిల్మ్ ఉన్నట్టు. మోటారు కెమెరాల్లో అయితే వెనక తలుపుకున్న చిన్న కిటికీలోంచి రీలు డబ్బా కనిపిస్తుంది.

మిగిలిన ఫ్రేములు ఇప్పుడు పూర్తిచేద్దామని అనుకోవద్దు. కొత్త పట్టు అలవాటయ్యేలోపు పొరపాటున తలుపు తెరుచుకుంటే పాతవీ పోతాయి. రీవైండ్ చేసి, తీసి, గాలి చొరని సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లదనంలో ఫిల్మ్ మీద పడిన బింబం నెమ్మదిగా క్షీణిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రంగుల ఫిల్మ్ కన్నా ఎక్కువ కాలం తట్టుకుంటుంది. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ఎప్పటిదో తప్పకుండా చెప్పండి.

ఎప్పుడు కడిగించాలన్నది మాత్రం మీ ఇష్టం. అందులో రెండు కాళ్ల మీద నిలబడి తీసిన ఫొటోలుంటాయి, మీ పాత చేతి నీడ పడి ఉంటుంది, ప్రమాదం జరిగిన రోజు ఉదయం కూడా ఉండొచ్చు. కడిగించాలని అనిపించినప్పుడు కూడా ఆ నెగెటివ్‌లను ఒంటరిగా చూడకండి. మీకు కావలసినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి.

కెమెరా చాలాకాలం మూలన పడి ఉంటే బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము, లెన్స్‌లో సాలెగూడులాంటి ఫంగస్, తలుపు అంచుల్లో జిగురుగా మారిన నల్లటి స్పాంజి కోసం చూడండి. షట్టర్‌ను అన్ని వేగాల్లో కొన్నిసార్లు నొక్కండి. నెమ్మది వేగాలే ముందుగా మొరాయిస్తాయి. పాత రోజుల్లో 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీతో నడిచిన కెమెరాలో ఇప్పటి 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు తప్పు చూపించే అవకాశం ఉంది. దానికి జింక్-ఎయిర్ బ్యాటరీ దగ్గరి ప్రత్యామ్నాయం.

మీ ఒంటికి తగిన కెమెరా

లివర్ లాగే పాత మెటల్ కెమెరా మీద ఎంత ప్రేమ ఉన్నా, ఒక చెయ్యే పనిచేస్తున్నవాళ్లకు నేను మొదట చెప్పేది మోటారుతో నడిచే ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్, అంటే లెన్స్‌లోంచి వచ్చే దృశ్యాన్నే వ్యూఫైండర్‌లో చూపించే కెమెరా. 1985లో మినోల్టా 7000, 1987లో క్యానన్ ఈఓఎస్ 650 వచ్చినప్పటి నుంచీ ఫిల్మ్ జరపడం, ఫోకస్ చేయడం కెమెరాయే చూసుకుంటోంది. రీవైండ్ కూడా దాని పనే. మీ జాబితాలో ‘రాదు’ అని రాసుకున్నవాటిలో సగం అక్కడే కొట్టేయొచ్చు.

వాటిలో క్యానన్ ఈఓఎస్ 300 లాంటి తేలికపాటి మోడళ్లలో ఇంకో మేలుంది. రీలు వేయగానే అది మొత్తం ఫిల్మ్‌ను బయటికి చుట్టేసుకుని, తీసిన ఒక్కో ఫ్రేమును తిరిగి డబ్బాలోకి పంపుతుంది. చెయ్యి జారి తలుపు తెరుచుకున్నా అప్పటిదాకా తీసినవి దాదాపుగా భద్రంగానే ఉంటాయి. పట్టు తక్కువైన చేతులకు ఇది ఎంత నిశ్చింతో వాడితేగానీ తెలియదు.

వేళ్లతో ఫోకస్ పాయింట్ మార్చడం కష్టమైతే క్యానన్ ఈఓఎస్ 5, ఈఓఎస్ 3, ఈఓఎస్ 30 చూడండి. వ్యూఫైండర్‌లో మీ కన్ను ఎటు చూస్తోందో పసిగట్టి అక్కడ ఫోకస్ చేసే ఏర్పాటు వాటిలో ఉంది. ముందుగా మీ కంటికి సరిచేసుకోవాలి. కళ్లద్దాలతో కొందరికి సరిగా పనిచేయదు కాబట్టి కొనేముందు ఒకసారి పట్టుకుని చూడాల్సిందే.

ఎడమచెయ్యి మాత్రమే ఉన్నవాళ్లు ఏ ఎస్ఎల్ఆర్‌నైనా తలకిందులుగా పట్టుకుని చూడండి. గ్రిప్ ఎడమవైపుకు వస్తుంది, షట్టర్ బటన్ కిందికి, మీ బొటనవేలి దగ్గరికి చేరుతుంది. వ్యూఫైండర్‌లో పెంటాప్రిజం అనే గాజు దిమ్మె ఉన్న కెమెరాలో వ్యూఫైండర్ దృశ్యం నిటారుగానే కనిపిస్తుంది. నెగెటివ్‌ను తిప్పి చూసుకుంటే సరిపోతుంది. మొదటి గంట చాలా వింతగా ఉంటుంది, తర్వాత చెయ్యి దారి పడుతుంది. పాతవాటిలో ఎగ్జాక్టా కెమెరాలకు షట్టర్, లివర్ రెండూ ఎడమవైపే ఉన్నాయి. కానీ వాటిని బాగుచేయించే పని కూడా నెత్తిన పడుతుంది, ఫోకస్‌కు రెండో ఆధారం ఎలాగూ కావాలి. అందుకే అవి రెండో కెమెరాగా మంచివి.

వీల్‌చెయిర్‌లో ఉంటే మీ కంటి ఎత్తు దాదాపు 1.2 మీటర్లకు వస్తుంది. నిలబడ్డ మనుషుల ముఖాలు కిందినుంచి కనిపిస్తాయి. పోర్ట్రెయిట్ కావాలంటే వాళ్లను కూర్చోమనండి, అడగడానికి మొహమాటం వద్దు. పైనుంచి కిందికి చూసే వ్యూఫైండర్ ఉన్న రోలీఫ్లెక్స్, యాషికా-మ్యాట్ లాంటి కెమెరాలు కూర్చున్నవాళ్లకు బాగా అమరుతాయి. కెమెరాను ముఖం దగ్గరికి ఎత్తాల్సిన పని లేదు, ఛాతీకి ఆనించుకుంటే చాలు. దృశ్యం కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఒక కన్ను పోయినవాళ్లకు దూరాలు అంచనా వేయడం మొదట్లో ఇబ్బందే. అయితే వ్యూఫైండర్‌లో ఎవరైనా ఒక కంటితోనే చూస్తారు. కెమెరా వెనక మీరూ ఇంకొకరూ సమానమే. మిగిలింది ఎడమ కన్నయితే, చూసే కిటికీ కెమెరా ఎడమ మూలన ఉండే రేంజ్‌ఫైండర్ కెమెరా కన్నా ఎస్ఎల్ఆర్ సుఖం. ఫోకస్‌ను కంటికి వదలకుండా లెన్స్ మీది అంకెలకు వదిలేయొచ్చు కూడా. 28 ఎంఎం లెన్స్ అపర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8 దగ్గర పెట్టి 3.3 మీటర్లకు ఫోకస్ చేస్తే సుమారు 1.6 మీటర్ల నుంచి అనంత దూరం దాకా స్పష్టంగా వస్తుంది. ఆ రింగు మీద ఒక టేపు ముక్క అంటించి వదిలేయండి.

బరువు గురించి ఒక్క మాట. ఒలింపస్ మ్యూ-2 బరువు 135 గ్రాములు. పెంటాక్స్ 67 లెన్స్‌తో కలిపి రెండు కిలోలు దాటుతుంది. ఇంట్లో పది నిమిషాలు పట్టుకున్నప్పుడు తెలియని బరువు బయట గంటసేపట్లో భుజాన్ని పడేస్తుంది.

షట్టర్ నొక్కడానికి వేలే కావాలని లేదు

నాకు అన్నిటికన్నా ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చిన పరికరం గాలి బల్బు రిలీజ్. పొడవాటి సన్నటి రబ్బరు గొట్టం, ఒక చివర బల్బు, రెండో చివర షట్టర్ బటన్‌లోకి బిగించే పిన్ను. బల్బును పిసికితే గాలి తోసుకెళ్లి పిన్ను షట్టర్‌ను నొక్కుతుంది. ఆ బల్బును మోచేతి కింద పెట్టుకోవచ్చు, మోకాళ్ల మధ్య పెట్టుకోవచ్చు, పాదంతో తొక్కొచ్చు, గడ్డంతో నొక్కొచ్చు. షట్టర్ బటన్ మధ్యలో మరలున్న రంధ్రం ఉన్న పాత కెమెరాలకు ఇది సరిపోతుంది. ఎలక్ట్రానిక్ కెమెరాలకు వైర్ రిమోట్ తీసుకుని, దాని బటన్‌ను చక్రాల కుర్చీ చేతికి వెల్‌క్రోతో అంటించుకోండి.

చెయ్యి వణుకుతుంటే సెల్ఫ్-టైమర్ వాడండి. నొక్కేటప్పుడు వచ్చే కుదుపు పది సెకన్లలో సర్దుకుంటుంది, ఈలోగా రెండు చేతులూ కెమెరా బరువు మోయడానికే పనికొస్తాయి. కదిలే మనుషులకు ఇది కుదరదు. అక్కడ వేగం పెంచడమే దారి. 50 ఎంఎం లెన్స్‌కు 1/60 సెకను చాలని పాత లెక్క, వణుకు ఉన్నవాళ్లు 1/250 నుంచి మొదలుపెట్టండి. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌తో పగటి నీడలో ఎఫ్/5.6 దగ్గర దాదాపు 1/500 దొరుకుతుంది. వెలుతురు తగ్గితే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను ఐఎస్ఓ 1600 దగ్గర తీసి, అలా తీశానని ల్యాబ్‌కు చెప్పి పుష్ చేయించండి, అంటే ఎక్కువసేపు కడిగించండి. ఫొటోలో గింజ (గ్రెయిన్) కనిపిస్తుంది, కనిపించనీయండి.

ఆధారానికి మోనోపాడ్ తీసుకుని దాని కింది కొనను నడుము బెల్టుకున్న చిన్న సంచిలో దింపితే బరువంతా నడుము మీదికి పోతుంది. వీల్‌చెయిర్‌కైతే గొట్టానికి బిగించే క్లాంప్, దానికి వంగే చెయ్యి. కుర్చీకి రంధ్రాలు చేయించకండి. ఫొటో తీసే ముందు బ్రేకులు వేయండి. కెమెరా బరువు ఒక పక్కకు వేలాడుతుంటే కుర్చీ ఒరిగే ప్రమాదం ఉంది కాబట్టి క్లాంప్‌ను లోపలివైపే బిగించాలి. నడుము కింద స్పర్శ లేనివాళ్లు వెలుతురు కోసం ఎదురుచూస్తూ కదలకుండా కూర్చుండిపోవద్దు. పక్కకు ఒరిగి ఒంటి బరువు మార్చుకునే సమయానికి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఒంటి చేత్తో రీలు ఎక్కించడం

ఇదే అందరినీ ఏడిపించే పని. పాడైపోయిన పాత రీలు ఒకటి సంపాదించి, వెలుతురులో, తొందరలేని రోజున సాధన చేయండి.

జారని రబ్బరు చాప పరిచి, దాని మీద తువ్వాలును గుండ్రంగా చుట్టి మధ్యలో గుంట చేయండి. కెమెరాను లెన్స్ ఆ గుంటలోకి వచ్చేలా బోర్లా పడుకోబెట్టండి. ఇప్పుడది కదలదు, వెనక తలుపు మీకు ఎదురుగా ఉంటుంది. రీలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బీ మూత ఒంటి చేత్తో రావడం కష్టం, అందుకే బయటికి వెళ్లేముందే ఇంట్లో ఎవరితోనైనా మూతలన్నీ తీయించి, రీళ్లను నీడలో ఉండే జిప్ సంచిలో వేసుకోండి. రీలును కెమెరాలో దాని గదిలో కూర్చోబెట్టి, బొటనవేలితో అదిమి ఉంచి, చిటికెన వేలితో ఫిల్మ్ నాలుకను రెండో వైపుకు లాగండి. ఆటోమేటిక్ కెమెరాలో గుర్తు దాకా వస్తే చాలు, తలుపు మూసేయండి. లివర్ కెమెరాలో నాలుకను చుట్టే కడ్డీ చీలికలోకి దూర్చాలి. అది పదేపదే జారుతుంటే నాలుక చివరను ముందే కొంచెం వంచండి.

తలుపు మూశాక లివర్ లాగినప్పుడు ఎడమవైపు రీవైండ్ నాబ్ తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఫిల్మ్ కడ్డీకి పట్టలేదు, మళ్లీ తెరవాల్సిందే. 36 ఫ్రేములూ ఖాళీగా రావడం కన్నా ఒక్క నిమిషం పోవడం నయం.

రోలీఫ్లెక్స్ లాంటి కెమెరాల్లో వాడే, వెనక కాగితం ఉండే 120 రీలుకు అదనంగా ఒక చిక్కుంది. తీయడం పూర్తయ్యాక కాగితం వదులు కాకుండా బిగించి అంటించాలి. రీలును మోకాళ్ల మధ్య ఇరికించి అంటించొచ్చు, అది కుదరకపోతే అక్కడ ఒక మనిషి సాయం తీసుకోండి.

మొదటి రీలు దేని మీద

ఇంట్లోనే, ఒక కిటికీ దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి కుడిచెయ్యి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్, ఆ తర్వాతే పెద్ద పెద్ద కెమెరాలతో ప్రాగ్ నగరాన్ని తీశాడు. 1940 నుంచి ఏళ్ల తరబడి తన స్టూడియో కిటికీనే తీస్తూ వచ్చాడు. మంచు పట్టిన అద్దం, నీటి చుక్కలు, అవతల ఒక చెట్టు. మోతకు సహాయకుల తోడు తీసుకున్నాడు కూడా. కిటికీని చిన్న విషయం అనుకోకండి. వెలుతురు మారుతూ ఉంటుంది, మీరు కదలక్కర్లేదు, అలసిపోతే పక్కనే మంచం.

మనుషులను తీయాలనుంటే మిమ్మల్ని గాయానికి ముందూ వెనకా చూసినవాళ్లను తీయండి. 1945లో ఒకినావాలో ఫిరంగి గుండు ముక్కలు తగిలి ముఖమూ చెయ్యీ దెబ్బతిన్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, ఎన్నో ఆపరేషన్ల తర్వాత 1946లో మళ్లీ కెమెరా ఎత్తినప్పుడు తీసింది తన ఇద్దరు పిల్లలనే. చెట్ల చీకటిలోంచి వెలుతురులోకి నడిచిపోతున్న ఆ చిన్నపిల్లల ఫొటో ఇప్పటికీ ప్రపంచమంతా చూస్తోంది.

తలకు దెబ్బ తగిలినవాళ్లు ఒక్కో ఫ్రేముకు ఒక్కో మాట చొప్పున చిన్న పుస్తకంలో రాసుకోండి, లేదా ఫోన్‌లో మాట రికార్డు చేయండి. రీలు వచ్చిన అట్టపెట్టె ముక్క చించి కెమెరా వెనక అంటిస్తే లోపల ఏ ఫిల్మ్ ఉందో వెతుక్కోనక్కర్లేదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరును అడగకుండా ఫ్లాష్ వాడకండి. ప్రమాదాన్ని గుర్తుచేసే రోడ్డో, శబ్దమో ఉన్న చోటికి మొదటి రీలు తీసుకుని వెళ్లొద్దు. అది తర్వాతైనా తీయొచ్చు, తీయకపోయినా పర్లేదు.

కడగడం

మొదటి కొన్ని రీళ్లు ల్యాబ్‌కే ఇవ్వండి. బ్లాక్ అండ్ వైట్ కావాలన్నా సరే, ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్‌ను రంగుల ఫిల్మ్ కడిగే సీ-41లోనే కడుగుతారు. ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయినా అది ఓర్చుకుంటుంది.

ఇంట్లో కడగాలనుకుంటే భద్రత గురించి ముందు ఆలోచించండి. చేతుల్లో గానీ తొడల మీద గానీ స్పర్శ లేనివాళ్లు వేడి ద్రావణాలను ఒళ్లో పెట్టుకోకూడదు. కాలినా తెలియదు. వేడిని చేత్తో కాకుండా థర్మామీటరుతోనే చూడాలి. గ్రాఫ్టు చేసిన చర్మం, మానని గాయం రసాయనాలకు తగలకూడదు. గ్లవ్స్ తప్పనిసరి, కిటికీ తెరిచి ఉండాలి.

చీకట్లో ఫిల్మ్‌ను కడిగే ట్యాంకులోని స్పైరల్ చట్రంలోకి ఎక్కించడానికి రెండు చేతులూ కావాలి. దాన్ని తప్పించుకోవడానికి ల్యాబ్-బాక్స్ లాంటి ట్యాంకులున్నాయి. నాలుకను క్లిప్పుకు తగిలించి మూత పెట్టి నాబ్ తిప్పితే వెలుతురులోనే ఫిల్మ్ లోపలికి చుట్టుకుంటుంది. పాతకాలపు అగ్ఫా రోండినాక్స్ కూడా ఇదే పద్ధతి. ట్యాంకును బల్లకు బిగిస్తే ఒంటి చెయ్యి సరిపోతుంది.

మామూలు ట్యాంకులోకి ఫిల్మ్‌ను వేరే ఎవరైనా ఎక్కించి ఇస్తే తర్వాతిది స్టాండ్ పద్ధతిలో చేసుకోవచ్చు. 500 మిల్లీలీటర్ల నీటిలో 5 మిల్లీలీటర్ల రోడినాల్ అనే డెవలపర్, 20 డిగ్రీల సెల్సియస్, ఒక గంట. మొదటి నిమిషం ట్యాంకు మధ్యనున్న కడ్డీని వేళ్లతో అటూ ఇటూ తిప్పి, మధ్యలో ఒకసారి మళ్లీ తిప్పి, మిగతా సమయం వదిలేయండి. మాటిమాటికీ ట్యాంకును తలకిందులు చేసే శ్రమ ఉండదు. ఒక్కోసారి చారలు పడొచ్చు. ఇది బ్లాక్ అండ్ వైట్‌కు మాత్రమే, ఎక్స్‌పీ2కూ రంగుల ఫిల్మ్‌కూ కాదు.

నెగెటివ్‌లు చేతికొచ్చాక

మొదటి రీలులో ఎన్ని బాగా వచ్చాయని లెక్కపెట్టకండి. ఏది ఎందుకు పోయిందో చూడండి. ఫ్రేములో అన్నీ ఒకే దిశలో చెదిరి ఉంటే కెమెరా కదిలింది, వేగం ఒక స్టాప్ పెంచాలి (అంటే రెట్టింపు చేయాలి) లేదా ఆధారం మార్చాలి. కదలకుండా ఉన్న మనిషి మసగ్గా ఉండి వెనక గోడ స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పు. అన్ని ఫొటోలూ ఒకే పక్కకు ఒరిగి ఉంటే మీ కొత్త పట్టు కెమెరాను అటు లాగుతోంది, గ్రిప్ కింద చిన్న మెత్త అంటించి చూడండి. చివరి ఫ్రేములే ఎక్కువ చెదిరి ఉంటే మీరు అలసిపోయాక కూడా తీశారు. 36 ఫ్రేముల రీలును రెండు మూడు రోజులకు పంచుకోండి.

రెండో రీలుకు వీటిలో ఒక్కటి మాత్రమే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల మెరుగైందో తెలియదు. ఏది మార్చారో ఆ ‘వచ్చు, కష్టం, రాదు’ కాగితం మీదే తేదీ వేసి రాసుకుని, థెరపిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు నెగెటివ్‌లతో పాటు తీసుకెళ్లండి.